బోర్లించని చెంబు

ఉగాదికి మ్యూజియం వాళ్ళు వేసిన కరపత్రం మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఇంకా అలాగే అంటించి ఉంది. ముందు పేజీలో ఒక ఇత్తడి చెంబు ఫొటో. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు, తులశమ్మ. ఆవిడ మా అత్తగారు. చెంబు మాత్రం నాది కాదు, మా తోడికోడలు పద్మశ్రీది. కాఫీకి పాలు తీయడానికి వెళ్ళిన ప్రతిసారీ అది నా కంట పడేది, నాకు కడుపు మండేది. అంత బాధైతే చింపి పారేయొచ్చుగా అని మా ఆయన సలహా ఇచ్చారు. కాగితం చింపితే కడుపు చల్లారుతుందా ఏమిటి? మగవాళ్ళకి ఇలాంటివి ఎప్పటికీ అర్థం కావు.

బెజవాడలో కాలవ గట్టున ఒక పాత గిడ్డంగిని బాగు చేయించి, ఎవరో ట్రస్టు వాళ్ళు పెట్టిన చిన్న మ్యూజియం అది. రాజుల కత్తులూ కిరీటాలూ ఏమీ ఉండవు. పడవ తెడ్లు, మంగళగిరి మగ్గం ఒకటి, ధాన్యం కొలిచే కుంచాలు, మూతపడ్డ సినిమా హాళ్ళ టిక్కెట్లు, అన్నీ మన ఇళ్ళల్లోంచి వచ్చినవే. ఉగాది నుంచి జూన్ మొదటి వారం దాకా ప్రతి ఆదివారం ఏదో ఒక కార్యక్రమం పెడతారు. అవన్నీ చూసుకునేది కీర్తన అని ఒక పాతికేళ్ళ అమ్మాయి. నేను ఏ ఒక్కటీ మానను. కాలవ గట్టు నడక అంటే పొద్దున్నే ఆరింటికల్లా బూట్లు వేసుకుని తయారు. కొండపల్లి బొమ్మలకి రంగులు వేయడం పిల్లలకని రాశారు, అయినా వెళ్ళి ఒక ఎద్దుకి నీలం రంగు వేసి వచ్చాను. హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు సోషల్ చెప్పినదాన్ని, ముందు వరసలో కుర్చీ నాకు అలవాటు.

ఈ వేసవి ప్రదర్శనకి కీర్తన పెట్టిన పేరు ‘పేరున్న గిన్నెలు’. మన ఇళ్ళల్లో సామాను కొంటే పేరు కొట్టించకుండా వాడం కదా. పెళ్ళికి పెట్టిన బిందె మీద పెళ్ళికూతురి పేరు, పేరంటంలో పంచిన గ్లాసు మీద పంచినవాళ్ళ పేరు, తేదీతో సహా. అలాంటివి ఉంటే ఫిబ్రవరిలోనే తెచ్చి ఇవ్వమన్నారు. వేసవి అయిపోయాక ఒక్కో కుటుంబం నుంచి ఒకే ఒక్క వస్తువు ఎప్పటికీ అద్దాల పెట్టెలో ఉంచేస్తారు, ఇచ్చినవారి పేరు కార్డు మీద రాసి.

నేను ఆటోలో పదకొండు సామాన్లు పట్టుకెళ్ళాను. మా పుట్టింటి బిందె మీద ‘చి.ల.సౌ. సీతారావమ్మ’ అని నా పేరు, పెళ్ళి తేదీ అచ్చు వేసినట్టుంటాయి. పద్మ స్కూటీ డిక్కీలో పెట్టుకుని ఒక్క చెంబు తెచ్చింది. కీర్తన నా పదకొండింటినీ చూసి చాలా బాగున్నాయి ఆంటీ అంది. చెంబుని మాత్రం రెండు చేతులతో అందుకుంది. మా ఇంటి నుంచి అద్దాల పెట్టెలోకి వెళ్ళేదేమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది.

అది మా అత్తగారు మంచినీళ్ళు తాగిన చెంబు. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో పదహారేళ్ళు ఆవిడకి వేడినీళ్ళు పెట్టింది నేను, కాళ్ళు పట్టింది నేను, కేకేస్తే పలికింది నేను. పద్మ వేసవి సెలవులకి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేది. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండి, ఆవిడ పద్మని పిలిచి ఆ చెంబు చేతిలో పెట్టింది. నేనప్పుడు ఆవిడ తలగడ సర్దుతున్నాను. ఇది జరిగి ముప్పయ్యేళ్ళయింది. పొలాలు పంచుకున్నప్పుడు ఎవరికి ఏ చెక్క వచ్చిందో నాకిప్పుడు గుర్తు లేదు. ఆ చెంబు చేతులు మారిన క్షణం మాత్రం కళ్ళు మూసుకున్నా కనపడుతుంది.

పోనీ తీసుకున్న మనిషికి దాన్ని ఉంచుకోవడమైనా వచ్చా అంటే అదీ లేదు. తోమిన చెంబుని ఎవరైనా నీళ్ళు కారిపోయేలా బోర్లిస్తారు. పద్మ వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించే ఉంటాయి, ఆ చెంబు ఒక్కటే నిటారుగా నిలబడి ఉంటుంది. చెమ్మకి లోపల చిలుమెక్కుతుందే అని వెళ్ళినప్పుడల్లా చెప్పాను. నవ్వి ఊరుకునేది. మ్యూజియంలో కూడా, చెంబుని బోర్లించొద్దమ్మా అని కీర్తనకి పనిగట్టుకుని అప్పగింతలు పెట్టింది. ఎంత మురిపెమో అనుకున్నాను.

మే నెల మొదట్లో నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ ఆదివారం మ్యూజియంలో ఆవకాయ రోజు. పాత జాడీలు వరసగా పెట్టి, ఏ ఊళ్ళో ఎలా కలిపేవాళ్ళో పెద్దవాళ్ళని చెప్పమన్నారు. పద్మ లేచి, తులశమ్మగారు ఆవకాయలో ఉప్పు చాలిందో లేదో వాసన చూసి చెప్పేదని మొదలుపెట్టింది. అందరూ నవ్వారు, ఇంకా చెప్పమన్నారు. ఆ వాసన చూసే ముచ్చట నేను పద్మకి చెప్పిందే. ఏటా ఆవకాయ కలిపింది అత్తగారూ నేనూ. నా ముచ్చట తన నోట్లోంచి వస్తుంటే నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. తర్వాత ఒక పేపరతను వచ్చి, పద్మ చేతికి చెంబిచ్చి ఫొటో తీసుకున్నాడు.

నేను కీర్తనని పక్కకి పిలిచాను. ఆ చెంబు న్యాయంగా పెద్దకోడలికి రావలసిందనీ, కార్డు మీద పద్మశ్రీ పేరు తీసేసి ఊరికే ‘తులశమ్మ కుటుంబం’ అని రాయమనీ చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆ పిల్ల బిక్కమొహం వేసి, పద్మ ఆంటీని కూడా అడగాలి కదా అంది. అడుగు, నేనే అన్నానని చెప్పు అన్నాను. వచ్చే ఆదివారం ఇద్దరూ వస్తారు కాబట్టి అప్పుడే కార్డు ఖాయం చేద్దామంది. ఆ వారంలో పద్మ నాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. భయపడిందనుకుని సంతోషించాను.

ఆ ఆదివారం కార్యక్రమం పేర్లు కొట్టే పని. ఇప్పుడు కొట్లల్లో మిషను మీద రాసేస్తున్నారు కానీ, ఒకప్పుడు భుజాన సంచీ వేసుకుని ఊరూరా తిరిగి చిన్న ఉలి, సుత్తి పెట్టి కొట్టేవాళ్ళు. అలాంటాయన ఒకాయన్ని కీర్తన కంకిపాడు నుంచి పిలిపించింది. పేరు తిరుపతిరావు, ఎనభైకి దగ్గర. పిల్లలు టిఫిన్ బాక్సులు పట్టుకుని వరసలో నిలబడితే, ఆయన చాప మీద కూర్చుని టిక్ టిక్ మని కొడుతున్నాడు. పద్మ నా పక్క కుర్చీలోనే కూర్చుంది, పలకరించలేదు. నేనూ పలకరించలేదు.

పిల్లలకి పాత చేతిపని చూపిద్దామని కీర్తన చెంబు తెచ్చి ఆయనకిచ్చింది. ఆయన చెంబు మెడ మీద పేరుని బొటనవేలితో తడిమాడు. ఇది తాను కొట్టిందేనన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన చెంబుని తిప్పబోయాడు. పద్మ కుర్చీలోంచి సగం లేచింది.

“వద్దండీ, తిప్పకండి,” అంది.

అప్పటికే ఆయన బోర్లించేశాడు. అడుగున రెండక్షరాలున్నాయి, సీతా. ఆ తర్వాత ఏమీ లేదు.

“నా చేత్తో మొదలెట్టి మధ్యలో ఆపేసిన పేరు ఇదొక్కటేనమ్మా,” అన్నాడు తిరుపతిరావు. “మొదలెట్టిన పేరు ఆపకూడదని మా నాన్న నన్ను కొట్టినంత పని చేశాడు. అందుకే మర్చిపోలేదు.”

ఎందుకు ఆపాల్సి వచ్చిందని కీర్తన అడిగింది. ఆయన చెప్పాడు. చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో, పెద్దావిడొకరు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, తాను తాగే చెంబు బోర్లించి ఇచ్చిందట. పెద్దకోడలి పేరు అడుగున కొట్టమందట, తోమేటప్పుడు తనే చూసుకుంటుందిలే అని. రెండక్షరాలు పడ్డాయి. టిక్ టిక్ చప్పుడు విని కోడలు గుమ్మంలోకి వచ్చింది.

“ఈ సొట్ట చెంబు నాకెందుకత్తయ్యా, స్టీలు సామాన్లవాడు వస్తే వేసేద్దాం అందమ్మా ఆ కోడలు. పెద్దమ్మగారు చెంబు నిలబెట్టి, అయితే నా పేరే కొట్టు నాయనా అంది.”

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నలభై ఏళ్ళ నాటి మాట, ఎలా గుర్తుపడతాడు? ఆ మాట నేనన్నానా అంటే, అన్నాను. పాత ఇత్తడి ఇచ్చేసి స్టీలు బిందెలు తెచ్చుకోవాలని ఆ ఏడంతా నాదొకటే గోల. ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ అదే గోల. ఆ గోలలో అదొక మాట, అనేసి లోపలికి వెళ్ళిపోయి ఉంటాను. ఆ చెంబు మీద పడుతున్నది నా పేరని నేను చూడలేదు. అత్తగారి మొహం కూడా చూడలేదు. ఆ తర్వాత ఆ చెంబుని ఆవిడ నా చేత తోమించనే లేదు, తనే తోముకునేది.

కీర్తన నా వైపు చూసింది. పద్మే మాట్లాడింది.

“ఆవిడ పోయాక మొదటిసారి తోముతుంటే చూశానక్కయ్యా. ఆవిడ ముందు మీకే ఇవ్వాలనుకుంది. నా దాకా ఎందుకొచ్చిందో తెలీలేదు, అడుగుదామంటే ఆవిడ లేదు. బోర్లిస్తే మీ పేరు కనపడుద్ది. రోజూ నేను దాన్ని చూస్తా కూర్చోవాలా?”

ఆ గొంతులో ఏడుపు లేదు. ఉన్నది మంట. నాకు బాగా తెలిసిన మంటే, ఫ్రిజ్ ముందు నిలబడినప్పుడు నాలో లేచేది. ముప్పయ్యేళ్ళు నేను తనని చూసి కుళ్ళుకుంటే, తను తన వంటింట్లో నన్ను చూసి కుళ్ళుకుందన్నమాట. నాకు తల కొట్టేసినట్టయింది.

“కార్డు మీద నా పేరు తీసేయమన్నారంటగా,” అంది మళ్ళీ. “తీసేయమని పొద్దున్నే చెప్పేశాను కీర్తనకి.”

తిరుపతిరావుకి సంగతి అర్థమైంది. ఆ సీతారావమ్మ నేనేనా అని అడిగి, చెంబుని ఒళ్ళో పెట్టుకుని ఉలి తీశాడు.

“మూడక్షరాలే కదమ్మా మిగిలింది. అయిదు నిమిషాల పని. నా చేతికున్న మచ్చా పోద్ది,” అన్నాడు.

నాకు కావాలనిపించింది. అబద్ధం ఎందుకు, ప్రాణం లాగింది. అత్తగారు నా కోసం మొదలుపెట్టించిన పేరు అది, మూడక్షరాలు పడితే చాలు, చెంబు నాదైపోతుంది. పద్మ పైన ఫ్యాను వైపు చూస్తోంది. వరసలో పిల్లలు డబ్బాలు వాయిస్తున్నారు.

“వద్దండీ,” అన్నాను.

ఆ చెంబుని నేను వద్దనడం అది రెండోసారి. ఈసారి తెలిసి అన్నాను.

కార్డు మీద పద్మ పేరే ఉంచమని కీర్తనకి చెప్పాను. చెంబుని నిలబెట్టే ఉంచమన్నాను, బోర్లించొద్దన్నాను. ఎండ ముదిరిందని పద్మ తన స్కూటీ మీదే నన్ను ఇంటి దగ్గర దింపింది.

జూన్ మొదటి ఆదివారం కొత్త అద్దాల పెట్టె తెరిచారు. తులశమ్మ చెంబు, ఇచ్చినవారు పద్మశ్రీ, అని కార్డు. అది చదువుతుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, ఎవరి మీదని అడిగితే మాత్రం చెప్పలేను. చెంబుని చెక్కపీట మీద నిటారుగా నిలబెట్టారు. అడుగున ఉన్న రెండక్షరాలు ఎటువైపు నుంచీ కనపడవు. నేను మోకాళ్ళ మీద కూర్చుని మరీ వంగి చూశాను.