తాడు దాటిన మనిషి

రాయిడ్ గనిలో చనిపోయిన మరుసటి ఏడు, అదే గనిలో ఉద్యోగానికి అతని భార్య బెసా దరఖాస్తు పెట్టింది. రాగి గని మీద బతికే ముఫులిరా ఊళ్ళో, మా కాంటాన్షి కాలనీలో, అదేమీ వింత కాదు. ఇక్కడ తిండైనా చావైనా ఆ గనిలోంచే రావాలి. కాకపోతే బెసా దరఖాస్తులో మొగుడి ఇంటిపేరు రాయలేదు, పుట్టింటి పేరు రాసింది. ఆ సలహా లోంబేది.

లోంబే ఒకప్పుడు ఆ గనిలో పనులు చేయించే కాంట్రాక్టు కంపెనీలో, మనుషుల్ని చేర్చుకునే ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఉద్యోగం ఊడాక కాలనీ మలుపులో సోలార్ పలక పెట్టుకుని జనం ఫోన్లకు చార్జింగ్ పెడుతున్నాడు. రాయిడ్‌కి చిన్ననాటి స్నేహితుడు. గని లోపల రాతి కప్పు కూలి రాయిడ్ పోయినప్పుడు, కంపెనీ విచారణ జరిపి, అతను హద్దుకు కట్టిన తాడు దాటి వెళ్ళాడనీ, తప్పు అతనిదేననీ తేల్చింది. ఆ పూట అతనితో దిగినవాళ్ళు శవం దగ్గర కూర్చుని, అక్కడ అసలు తాడే లేదని అతని తల్లి ఫెలిస్టస్‌కి చెప్పారు. ఆ మాటే ఆఫీసులో చెప్పమంటే ఒక్కడూ ముందుకు రాలేదు. వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు.

ఫెలిస్టస్ కోడలి దగ్గరే ఉండేది. వయసులో ఉండగా గని దొరల ఇళ్ళల్లో వంటపని చేసింది కాబట్టి ఇంగ్లిష్ బాగానే అర్థమయ్యేది. బెసా టమాటాలు అమ్మేది. వానలు లేక మొక్కజొన్న పిండి ధర కొండెక్కినప్పటి నుంచి ఇంట్లో న్షిమా ముద్ద ఒక పూటకే పరిమితమైంది. నాలుగేళ్ళ కూతురు కసుబా ఆకలని ఏడవడం మానేసి, గోడకు చేరగిలబడి ఊరికే కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూశాకే బెసా లోంబే కొట్టుకు వెళ్ళింది.

అత్త మొదట ఒప్పుకోలేదు. నా కొడుకును మింగిన నోట్లోకే నువ్వూ పోతావా అంది. పని పైన స్టోర్స్‌లోనని, బూట్లూ టోపీలూ లెక్కరాసి ఇచ్చే పనేనని, గనిలోకి దిగక్కర్లేదని బెసా చెప్పింది. ముసలామె కుంపటి వైపు తిరిగి బొగ్గులు ఎగదోసింది.

గురువారం ఉదయం ఫోన్ చేస్తామని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. వందల దరఖాస్తుల్లో ముందు ఫోన్ మీదే తాలు చెరిగేస్తారనీ, ఆ తర్వాతే మనిషిని పిలిచి చూస్తారనీ లోంబే చెప్పాడు.

"ఇందులో నెగ్గితే ఉద్యోగం వచ్చినట్టు కాదు గానీ, పోతే మాత్రం పోయినట్టే, చెల్లెమ్మా. ఫోన్ చేసే అమ్మాయి ముందు ఓ కాగితం ఉంటుంది. నువ్వు చెప్పేదాన్ని బట్టి టిక్కులు పెట్టుకుంటూ పోతుంది. నీ కష్టానికి అందులో గడి ఉండదు."

వారం రోజులు సాధన చేయించాడు. ఫోన్‌లో ఎదుటి మొహం కనబడదు గనుక, తలుపు మూయించి తను బయట అరుగు మీద కూర్చుని ప్రశ్నలు అడిగేవాడు. నిలబడి మాట్లాడమన్నాడు, కూర్చుంటే గొంతు నీరసంగా వస్తుందట. ఎవరూ చూడకపోయినా చిరునవ్వుతో చెప్పమన్నాడు, నవ్వు గొంతులో తెలుస్తుందట. రాయిడ్ పెళ్ళామని తెలిస్తే తీసుకోరని, పెళ్ళయిందా అంటే కాలేదనమన్నాడు. అది బెసా రెండో రోజుకే తడబడకుండా అనగలిగింది.

మా కంపెనీ గురించి నీకేం తెలుసు అని అడిగినప్పుడు మాత్రం బెసా జవాబుకు బదులు తలుపు తీసింది. 

"ఏం తెలుసో నీకు తెలీదా అన్నా?"

"తెలుసు. అది చెబితే ఫోన్ పెట్టేస్తారు."

మీది పెద్ద కంపెనీ, వేలమందికి పని ఇస్తోంది, మనిషి భద్రతే మీకు అన్నిటికంటే ముఖ్యం, అని అతనే జవాబు చెప్పాడు. బెసా దాన్ని బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు పదే పదే అంది. ఫెలిస్టస్ బొగ్గుల కుంపటి పక్కన ఎండు చేపల్లో ఇసుక ఏరుతూ రోజూ వింటూనే ఉండేది. బుధవారం నాడు తల ఎత్తకుండానే అంది:

"భద్రత అన్నచోట నీ గొంతు జీరపోతోంది. మళ్ళీ చెప్పు."

బెసా మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు జీరపోలేదు.

గురువారం కసుబాను పక్కింటికి పంపేశారు. ఫోన్ పాతది, చెవి దగ్గర వినబడదు, స్పీకర్ పెట్టాల్సిందే. ఉదయం గడిచింది, ఫోన్ రాలేదు. లోంబే కొట్టు వదిలేసి గడపలో కూర్చున్నాడు. ఎండ నడినెత్తి దాటాక, ఇక రాదులే అనుకుంటుండగా మోగింది.

అవతల వయసు తక్కువ అమ్మాయి గొంతు, తేనె పూసినట్టుంది. లోంబే సాధన చేయించిన ప్రశ్నలే ఇంగ్లిష్‌లో అడిగింది. చదువు, పాత పని, లెక్కలు వచ్చా, రాత్రి షిఫ్టు చేస్తారా, పెళ్ళయిందా. బెసా నిలబడి, నవ్వుతూ, ఎక్కడా తొట్రుపడకుండా చెప్పింది. కంపెనీ గురించి ఏం తెలుసంటే గడగడా చెప్పేసింది. లోంబే బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"ఇంకొక్క ప్రశ్నండి. ఈమధ్యే పెట్టారు, చేరేవాళ్ళందరినీ అడుగుతున్నాం. పోయినేడు మా దగ్గర ఒక కార్మికుడు హద్దు తాడు దాటి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. దీన్నుంచి మీరు ఏం నేర్చుకుంటారు?"

లోంబే తల దించుకున్నాడు. ఫెలిస్టస్ చేతులు చేపల పళ్ళెంలో అలాగే ఆగిపోయాయి. బెసా అత్తవైపు చూసింది. ముసలామె ఆమెను చూడలేదు.

"హలో? వినబడుతోందా అండీ?"

"వినబడుతోందండి," అంది బెసా. "నియమాలు పెట్టేది మన మంచికే. అతను ఆ తాడు దాటకుండా ఉండాల్సింది."

"అంటే తప్పు ఎవరిదంటారు?"

"అతనిదే."

చాలా బాగా చెప్పారని మెచ్చుకుని, వచ్చేవారం ఆఫీసుకు రమ్మని చెప్పి అమ్మాయి ఫోన్ పెట్టేసింది. బెసా ఇంకా నిలబడే ఉంది. ముఖాన ఆ నేర్చుకున్న నవ్వు ఇంకా పోలేదు. ఈ ప్రశ్న తన కాలంలో లేదని, ఉంటే ముందే చెప్పేవాడినని లోంబే రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత లేచి కొట్టుకు వెళ్ళిపోయాడు. ఫెలిస్టస్ పళ్ళెం తీసుకుని పెరట్లోకి నడిచింది.

మరుసటి నెలలో బెసా ఉద్యోగంలో చేరింది. ఇంట్లో మళ్ళీ రెండు పూటలా పొయ్యి వెలిగింది. కసుబా వాకిట్లో పరిగెత్తడం మొదలుపెట్టింది. ముసలామె ఎక్కడికీ వెళ్ళలేదు, వెళ్ళడానికి ఎవరూ మిగల్లేదు. మనవరాలికి స్నానం పోసేది, వండేది. కానీ మా వైపు మర్యాద ప్రకారం అన్నాళ్ళూ కసుబా వాళ్ళమ్మా అని పిలిచిన మనిషి, ఇప్పుడు పేరు పెట్టి బెసా అంటోంది. వీధిలో పోయేవాళ్ళను పిలిచినట్టుంది ఆ పిలుపు.

ఒక ఆదివారం బెసా ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ మెల్లగా తట్టి, పెద్దల ముందు మాట్లాడే పద్ధతిలో అడిగింది.

"ఏదో ఒకటి తిట్టత్తా. ఇలా ఊరుకోకు."

ఫెలిస్టస్ కుంపటి మీది గిన్నె పక్కకు దించింది.

"తిట్టడానికేముంది? ఆకలికి నువ్వు అన్నావు, ఆకలికి నేను తింటున్నాను. తాడు దాటకుండా ఉండాల్సిందన్నావు చూడు, అది నేను మింగేశాను. ఫోన్‌లో ఆ పిల్ల అక్కడితో ఆపి ఉంటే బాగుండేది."

"అడిగింది కదా అత్తా."

"అడిగింది. తప్పు అతనిదే అనడానికి నువ్వు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు."

 ఆలోచించి ఉంటే తన నోట ఏ మాట వచ్చేదో బెసాకూ తెలియదు. ముసలామె లేచి, ముద్ద చల్లారిపోతోంది రా బెసా అని పిలిచి, ముగ్గురికీ వడ్డించింది.