నాలుగో బస్తా

వీరబ్రహ్మం ఎడంచేత్తో కొసన అక్షరమున్న ఉక్కు పంచ్ నిలబెట్టి, కుడిచేత్తో సుత్తి వేశాడు. ఒక్కటే దెబ్బ. కప్పును మోసే ఇనప ట్రస్సు అంచున "వీ" అక్షరం పడింది. దానికి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టాడు. నరసాపురంలోని ఆ షెడ్డులో ముప్ఫయ్యేళ్లుగా ఆయన చేతి ఇనుము ఏదీ బొట్టు లేకుండా రైలెక్కలేదు. పొట్టి మనిషి. నిప్పురవ్వలు పడి ముంజేతుల నిండా తెల్లమచ్చలు. కనుబొమలు సగం కాలిపోయి, ఎప్పుడూ ఆశ్చర్యపడుతున్నట్టే ఉంటాడు.

"బాబాయ్ గారూ, ఆగండి! కొత్త డ్రాయింగు వచ్చింది," అంటూ టైపిస్టు సత్యకుమారి కాగితం పట్టుకుని వచ్చింది. "హిమాలయాల్లో బడులకి రూలు మార్చారంటండి. ఇదివరకు కప్పు మీద పడే మంచు గజానికి బస్తా బియ్యం బరువని లెక్కంట. ఇప్పుడు రెండు బస్తాలంట."

"గాల్లోంచి రాలేదానికి అంత బరువేంటమ్మా? క్యాలెండర్లో చూశాగా, దూదిలా ఉంటుంది."

నవ్వాడు గానీ, చెయ్యి పంచ్ మీదే ఆగిపోయింది. మొన్న వేసవిలో ఆ కొండల్లో ఒక బడికి ఆరు ట్రస్సులు చేసి పంపాడు. డ్రాయింగులో నడుమ ఏటవాలు ఇనప బద్ద ఒకటుంది. మన రైసుమిల్లులన్నీ ఇది లేకుండానే నిలబడ్డాయి కదా, దండగ అని తనే తీయించేశాడు. ఇవాళ్టి ట్రస్సుకీ అది లేదు.

క్యారేజీ విప్పలేదు. తిన్నగా ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లాడు.

"ఏంటండీ బ్రహ్మంగారూ, ఇనప చేపలేమైనా పట్టారా?" అంది అక్కడ చేపల బుట్ట దించుకున్న పెద్దింట్లమ్మ.

"లేదమ్మా. ఒక తప్పు తూచుకోవాలి."

కొట్టిన ఐసు బస్తాలకెత్తించి, రిక్షాలో తెచ్చాడు. ట్రస్సుని రెండు ఇటికదిమ్మల మీద నిలబెట్టి, ఒక్కో బస్తా వేలాడదీశాడు. చిన్నగది ట్రస్సది. పాత రూలుకే ఐదు బస్తాలు మోయాలి. ఒకటి, రెండు... ఏమీ కాలేదు. మూడోదానికి కిర్రుమంది. నాలుగో బస్తాకి తడిసిన చాపలా నడుం విరిగి కిందికి ఒరిగింది.

వీరబ్రహ్మం సత్యకుమారి వైపు తిరిగాడు.

"ఆ బడిలో పిల్లలెంతమందమ్మా?"

"తెలీదండి."

"మంచు మొదలైపోయిందా?"

"కార్తీకం వెళ్లిపోతోంది కదండీ. ఇవాళో రేపో..."

"టెలిగ్రాం కొట్టు తల్లీ. పిల్లల్ని లోపల కూర్చోబెట్టొద్దని రాయి. బద్ద నేనే తీయించానని రాయి. నా పేరు కూడా రాయి."

సత్యకుమారి పోస్టాఫీసుకి పరుగెత్తింది. రసీదుతో తిరిగొచ్చేసరికి ఆయన ఇటికదిమ్మకి చేరగిలబడి, వంగిన ట్రస్సు వైపే చూస్తున్నాడు.

"వెళ్లిపోయిందండీ టెలిగ్రాం."

తల తిప్పలేదు. చెయ్యి పట్టుకుని కదిపింది. ఇందాకటి నుంచీ ఐసు ఎత్తిన చెయ్యి, అందుకే ఇంత చల్లగా ఉందనుకుంది ముందు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

బస్తాల్లోంచి కారిన నీళ్లు ఆయన ఒడి పక్కన మడుగు కట్టాయి. ఆ నీళ్లలో పంచ్ పడి ఉంది. సానపట్టి అరగదీసిన దాని కొస నున్నగా మెరుస్తోంది, మీద "వీ" అక్షరమే లేదు.