ముందు వరస

పేట ఆడవాళ్ళను సంతలో వెనక వరసకు తోసేశారని కబురు వచ్చేసరికి హన్నా మిషన్ బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్తోంది. పిల్లల్ని పక్క గది పంతులమ్మకు అప్పగించి, ఎండలో గొడుగైనా లేకుండా బయల్దేరింది.

కొత్తవంతెన సంతలో వెనక వరస అంటే మురుగుకాలవ ఒడ్డు. అక్కడ పొరుగింటి శౌరమ్మ బురదలో పడిన గోంగూర కట్టలు ఏరుకుంటోంది.

"ఎవరు పిన్నీ ఇట్టా చేసింది?"

"ఇంకెవరమ్మా, బసవపున్నయ్య మనుషులు. లేవమంటే లేవలేదని తట్ట తీసి ఇసిరికొట్టారు. ముందు చోటు బెజవాడ నుంచి లారీలో సరుకు తెచ్చే షావుకార్లకంట."

హన్నా ఒళ్ళు మండిపోయింది.

ఆ సంత సర్కారు పెట్టింది కాదు. ఒకప్పుడు వంతెన పక్కన తుమ్మచెట్లు మొలిచిన గుంట అది. ఊళ్ళో కాసిన బెండకాయే విజయవాడ మార్కెట్టుకు పోయి, వాడిపోయి తిరిగొచ్చి, రెట్టింపు ధరకు ఊళ్ళోనే అమ్ముడయ్యేది. మనమే ఒక సంత పెట్టుకుంటే ఊరు బాగుపడుతుందని హైస్కూలు మాస్టారు వెంకటకృష్ణారావు సేవా సంఘం ప్రారంభించాడు. ఆదివారాలు శ్రమదానం అన్నాడు. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు గాని పార పట్టలేదు. అప్పుడాయన ఊరవతల ఉన్న పేటకు వచ్చాడు. హన్నా ఇంటి అరుగు మీద కూర్చుని, అడిగి మరీ మంచినీళ్ళు తాగాడు. పేట మొత్తం ఆ మాటే చెప్పుకుంది.

"టీచరు గారూ, మీరు చెబితే మీవాళ్ళు వస్తారు. సంత నిలబడితే ముందు బాగుపడేది వాళ్ళే" అన్నాడు.

హన్నా ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆదివారం గుడి నుంచి రాగానే మంచి చీరలు మార్చుకుని ఆడవాళ్ళు తట్టలు పట్టారు. కాలవ పూడికమట్టి మోసి గుంట పూడ్చారు. మెడ పట్టేసి శౌరమ్మ మంచమెక్కింది కూడా. మగవాళ్ళు తాటాకు పాకలు వేశారు. సోమవారం సోమవారం సంత కుదురుకుంది. బస్సులు ఆగసాగాయి. కాఫీ హోటలు, సైకిలు షాపు, బట్టలకొట్టు వెలిశాయి. అప్పటిదాకా అటు తొంగిచూడని పంచాయతీ, అమ్ముకునేవాళ్ళ దగ్గర ఆశీలు రుసుం వసూలుకు వేలంపాట పెట్టింది. పాట ప్రెసిడెంటు బావమరిది బసవపున్నయ్యకు దక్కింది.

హన్నా తిన్నగా కృష్ణారావు ఇంటికి వెళ్ళింది.

"మీకు తెలిసే జరిగిందా మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలుసండీ. నేనూ చెప్పి చూశాను. కానీ రోజులు బాగాలేవు. ఎమర్జెన్సీ. నోరెత్తితే లోపలేస్తున్నారు. ముందు సంతంటూ నిలవాలి కదా. తర్వాత మెల్లిగా..."

"మట్టి మొయ్యమన్నప్పుడు మెల్లిగా అనలేదే మీరు!"

"కోపం తెచ్చుకోకండి."

"తెచ్చుకునేదేంటండీ, వచ్చింది! మీ ఇంట్లోవాళ్ళు ఒక్క తట్ట ఎత్తారా? మా ఇంట్లో గ్లాసుడు నీళ్ళు తాగితే సరిపోతుందనుకున్నారా?"

ఆయన తలుపు వైపు చూశాడు, లోపలివాళ్ళు వింటారేమోనని. ఆ చూపుకి హన్నాకు ఇంకా మండింది. ఇంకో మాట అనకుండా వచ్చేసింది.

మరుసటి సోమవారం పేట ఆడవాళ్ళు సంతలోకి వెళ్ళలేదు. వంతెన దిగువన, బస్సు ఆగేచోట, కాలవ గట్టు మీద బారుగా కూర్చున్నారు. బస్సు దిగినవాళ్ళు సంతదాకా పోనక్కర్లేకుండా అక్కడే సంచులు నింపుకున్నారు. లోపల షావుకార్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు.

పదిగంటలకల్లా బసవపున్నయ్య ఊడిపడ్డాడు. "ఆశీలు కట్టండి!"

"సంతలో మాకు చోటు లేదన్నావుగా బాబూ. ఇది సంత కాదు, కాలవ గట్టు" అంది శౌరమ్మ.

అతను తట్టను కాలితో తన్నబోయాడు. బడికి సెలవు పెట్టి వచ్చిన హన్నా అడ్డంగా నిలబడింది. "తన్ను. అందరూ చూస్తున్నారు, తన్ను!"

తన్నలేదు గాని పోలీసుల్ని పిలిపించాడు. జనాన్ని రెచ్చగొడుతోందని హన్నాను స్టేషనుకు తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని వెంట వచ్చి, స్టేషను ముందే దుకాణం తెరిచారు. హెడ్డు కానిస్టేబులు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

సాయంత్రానికి కృష్ణారావు వచ్చాడు. "బసవపున్నయ్యతో మాట్లాడానండీ. ముందు వరసలో సగం ఇస్తానంటున్నాడు. ఒప్పుకోండి, ఇంటికి పోదాం."

"గుంట సగమే పూడ్చామా మేము?"

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఇంతమంది ఆడవాళ్ళను గుమ్మంలో పెట్టుకోలేక చీకటి పడకముందే పోలీసులు హన్నాను పంపేశారు.

గట్టు మీది అమ్మకాలు ఇంకో రెండు సోమవారాలు సాగాయి. సరుకు కుళ్ళిపోతుంటే బెజవాడ షావుకార్లు లారీ తిప్పుకుని పోయారు. పాకలు బోసిపోయాక బసవపున్నయ్య మనిషి వచ్చి, ముందు వరస మీదేనని చెప్పిపోయాడు. అయితే ఆశీలు మాత్రం తట్టకింతని పెంచాడు. అందరూ కట్టారు. హన్నా వద్దన్నా కట్టారు, అలిసిపోయి.

సేవా సంఘం నుంచి హన్నా తప్పుకుంది. వార్షికోత్సవానికి రమ్మని కృష్ణారావు కబురు పెడితే, వచ్చిన మనిషితో రానని చెప్పింది.

ఆ తర్వాతి సోమవారం శౌరమ్మ ముందు వరస పాకలో, పాతచోటనే కూర్చుని గోంగూర మీద నీళ్ళు చల్లుతోంది. బడికి పోతూ హన్నా ఆగింది.

"గెలిచాం కదమ్మా, ఇంకా మొగం అట్టా పెట్టుకున్నావేంది?"

"మనది మనకిచ్చారు పిన్నీ. దాన్ని గెలవటం అంటారా?"

శౌరమ్మ ఆశీలు డబ్బుల కోసం కొంగుముడి విప్పుకుంది. ఆశీలు మనిషి చీటీల పుస్తకంతో వరస మొదట్లోకి వచ్చాడు. ఆశీలు ఎందుకు పెంచారో అడగాలని హన్నా బడికి వెళ్ళకుండా అక్కడే నిలబడింది, అతను దగ్గరికి వచ్చేదాకా.