ఉత్తరంలో వెనక పేజీ

ఎమ్మెల్యే వెంకటకృష్ణారావు గారు నెలనెలా నియోజకవర్గం ప్రజలకు ఒక ఉత్తరం రాస్తారు. రాస్తారు అనడమే గానీ రాసేది నాగవేణి. పామర్రుకు అరగంట దూరంలో, కాలవ పక్కన ఉన్న ఆయన ఆఫీసులో ఏడేళ్ళుగా ఆ పని ఆమెదే. ముందు పేజీలో అసెంబ్లీ సంగతులు ఉంటాయి. ఏ బిల్లు పాసయింది, ఏది కమిటీకి వెళ్ళింది, ఏది అక్కడే ఆగింది. ఆ పేజీని ఆయన కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తారు. వెనక పేజీలో ఊళ్ళ కబుర్లు. దాని జోలికి మాత్రం పోరు.

"అది నీ ఇష్టమమ్మా. నేను వేలు పెట్టానంటే అందులో కూడా నా ఫొటోలే ఉంటాయి" అని నవ్వేవారు.

కాలవకు నీళ్ళు ఏ తారీఖున వదులుతారో, ఏ రోడ్డు మీద కల్వర్టు పనులు జరుగుతున్నాయో, రాష్ట్ర కబడ్డీ జట్టుకు ఎంపికైన బ్లెస్సీ ఏ ఊరి పిల్లో నాగవేణి ఓపిగ్గా కనుక్కుని రాసేది. వాటి మధ్య ఎక్కడో ఓ మూల తాను పుట్టి పెరిగిన నేతవీధి గురించి ఒక్క వాక్యం చేర్చేది. వీధి చివర పంపు బాగుచేశారని. భావనారాయణ గారింట్లో ఆగిపోయిన మగ్గం మళ్ళీ ఆడుతోందని. మొన్నటి గాలివానకు రాజేశ్వరి వాళ్ళ మునగచెట్టు పడిపోయిందని. ఎమ్మెల్యే గారి ఉత్తరంలో మునగచెట్టు ఏమిటని ఒకరిద్దరు నవ్వుకున్నారు కూడా. ఆ వాక్యం ఆమె తమ్ముడు భానుచందర్ కోసమని ఎవరికీ తెలియదు.

పదకొండేళ్ళ కిందట నాగవేణి ఆర్టీసీ కండక్టర్ జయపాల్‌ను పెళ్ళి చేసుకుంది. జయపాల్ వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఇద్దరూ దండలతో ఇంటికి వస్తే, ఇరవై నాలుగేళ్ళ భానుచందర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మను చూడాలంటే చూసి వెళ్ళు. నాకు అక్క లేదు" అన్నాడు.

వారం తిరక్కుండా సూరత్‌లో మిల్లు పనికి రైలెక్కాడు. కొన్నాళ్ళు తల్లి వెంకటరావమ్మకు ఫోన్ చేసేవాడు. మగ్గాలకు నూలు కండెలు చుట్టి చుట్టి చేతులు పడిపోయాక ఆవిడ కూతురి దగ్గరకు వెళ్ళింది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి అతని ఫోన్ ఆగిపోయింది. నంబరు మార్చేశాడు. వెంకటరావమ్మ ఆఖరి రోజుల్లో గుమ్మం వైపే చూస్తూ పడుకునేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. కబురు చెప్పడానికి నాగవేణి దగ్గర నంబరు లేదు, అడ్రసు లేదు. నేతవీధి వాళ్ళు ఎమ్మెల్యే గారి ఉత్తరాన్ని సూరత్‌లో ఉన్న తమవాళ్ళకు ఫోన్లలో పంపుతారని మాత్రం తెలుసు. అందుకని ఆ నెల వెనక పేజీలో రాసింది: 'నేతవీధిలో యాభై ఏళ్ళు కండెలు చుట్టిన వెంకటరావమ్మ గారు ఈ నెల పదకొండున కన్నుమూశారు.' అది అతని కంటపడిందో లేదో తెలియలేదు.

కిందటేడు జక్కయ్య అనే పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. పదిహేనేళ్ళు సూరత్‌లో చేసి, కీళ్ళు అరిగిపోయి ఇంటికి తిరిగొచ్చాడు. పింఛనుకు కావలసిన నేతకార్మికుడి కార్డు అడిగితే, ఊళ్ళో లేరు కాబట్టి మీ పేరు తీసేశామన్నారట.

"అక్కడేమో నన్ను ఆంధ్రావాడన్నారు. ఇక్కడేమో ఊళ్ళో లేవంటున్నారు. మరి నేనెక్కడున్నట్టమ్మా?" అన్నాడు.

నాగవేణి అతనికి మంచినీళ్ళిచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మా భాను కనిపించేవాడా బాబాయ్?"

"మొదట్లో ఒకే మిల్లే. తర్వాత మారాడు. తిరిగొస్తే ఏం చేస్తాం ఇక్కడ, మన పేరే లేదు గదా అనేవాడు."

ఆ సాయంత్రం ఎమ్మెల్యే గారి గదిలోకి వెళ్ళి జక్కయ్య మాట చెప్పింది. వలస వెళ్ళిన నేతవాళ్ళు తిరిగొస్తే పేరు మళ్ళీ ఎక్కించేలా ఏదైనా చేయొచ్చా సార్ అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించారు. మూడు నెలలకు, సభ్యుడిగా తానే ఒక బిల్లు తయారుచేసి సభలో పెట్టారు. పైరాష్ట్రాల్లో చేసిన ఏళ్ళు కూడా లెక్కలోకి తీసుకుని కార్డు ఇవ్వాలని దాని సారాంశం. ఆ బిల్లు వెనక ఒక అక్క ఉందని ఆయనకు ఆమె చెప్పలేదు. అప్పటి నుంచి ముందు పేజీలో ఆ బిల్లు మాట వచ్చే చోట ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

జులైలో ఒక సోమవారం మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి, మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళారు.

"ఎమ్మెల్యే గారి ఆఫీసేనాండీ? సూరత్ నుంచి మాట్లాడుతున్నానండి."

నాగవేణికి మొదటి మాటకే తెలిసిపోయింది. గొంతు కొంచెం మోటుగా మారింది గానీ, 'అండి' అనేముందు ఒక చిన్న తడబాటు, అది చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పేరు పెట్టి పిలిస్తే ఫోన్ పెట్టేస్తాడని భయం వేసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చెప్పండి" అంది.

"మా వలసవాళ్ళ బిల్లు ఎంతవరకు వచ్చిందండి?"

"కమిటీకి పంపుతారంటున్నారండి. వచ్చే సమావేశాల్లో తెలుస్తుంది."

"మేం నలభై మందిమి ఉంటామండి ఇక్కడ. ఆదివారం ఒకడు చదువుతాడు, మిగతావాళ్ళం వింటాం. మొదట వెనక పేజీయే చదివించుకుంటాం లెండి." కాస్త నవ్వాడు. "ఆ పేజీ ఎవరు రాస్తారండి?"

"ఆఫీసు వాళ్ళేనండి."

అవతల మగ్గాల హోరు వినిపిస్తోంది.

"మా అమ్మ, నేతవీధి వెంకటరావమ్మ, పోయిన సంగతి మీ ఉత్తరంలోనే తెలిసిందండి" అన్నాడు. "చదువుతున్నవాడికి ఆవిడ మా అమ్మని తెలీదు. చదివేసి, తర్వాత రోడ్ల సంగతికి వెళ్ళిపోయాడు. అప్పటికే మూడు వారాలయింది. ఇంక వచ్చి ఏం చేస్తానని రాలేదండి."

నాగవేణి బల్ల అంచు పట్టుకుంది.

"ఒక ఉపకారం చేయాలండి. ఆవిడకో కూతురుంది. ఎక్కడుందో, ఎట్లా ఉందో నాకు తెలీదు. పేరు వేయొద్దు. ఆ ఇంటివాళ్ళు బాగున్నారని ఒక్క ముక్క రాయండి చాలు."

"బాగుందండి." అనుకోకుండా మాట బయటికి వచ్చేసింది. "ఆవిడ బాగానే ఉంది. మీరు... మీరు అన్నం వేళకు తింటున్నారా?"

ఆ చివరి ముక్క, చిన్నప్పుడు అతన్ని అన్నానికి పిలిచే గొంతుతోనే వచ్చింది. అతనికీ తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. పెట్టేస్తాడని కళ్ళు మూసుకుంది.

"తింటున్నానండి" అన్నాడు భానుచందర్, బాగా ఆలస్యంగా. "బిల్లు సంగతి కనుక్కోవడానికి వచ్చే నెల మళ్ళీ చేస్తానండి."

చేశాడు. ఆగస్టు ఉత్తరం వెళ్ళిన తర్వాతి సోమవారం సరిగ్గా అదే వేళకు. ఆమె ఆ రోజు భోజనానికి లేవలేదు. అతను బిల్లు గురించి అడిగాడు, ఆమె కమిటీ గురించి చెప్పింది. ఇద్దరూ 'అండి' వదల్లేదు. ఆ 'అండి' తీసేస్తే ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు. మధ్యలో అతను, మునగచెట్టు మళ్ళీ చిగిర్చిందాండీ అని అడిగాడు. మొదలు నుంచి రెండు కొమ్మలు వచ్చాయండి అని చెప్పింది. పెట్టేశాక ఇంకా చాలా చెప్పాల్సిందని గుర్తొచ్చింది. ఆ రాత్రి జయపాల్‌తో చెప్పింది.

సెప్టెంబరు సమావేశాల్లో బిల్లు చర్చకు రానేలేదు. వెంకటకృష్ణారావు గారు సభ నుంచి వాడిపోయిన ముఖంతో వచ్చారు.

"టైమ్ లేదన్నారమ్మా. వచ్చేసారికి వేశారు. రాయి, దాచవద్దు."

ఆ ఒక్క వాక్యం రాయడానికి నాగవేణికి ఒక పూట పట్టింది. రాస్తే అతను ఇంక ఫోన్ చేయడేమో. అడగడానికి ఏమీ మిగలదు. అయినా ఉన్నదున్నట్టే రాసింది.

ఉత్తరం వెళ్ళిన తర్వాతి సోమవారం రెండు దాటినా ఫోన్ మోగలేదు. భోజనాలకు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. మూడింటికి మోగింది.

"చదివానండి. వాయిదా అంట గదా."

"అవునండి. పోలేదు. వాయిదానే."

"సర్లెండి." మగ్గాల హోరు. పెట్టేస్తాడేమోనని ఆమె రిసీవరును చెవికి అదుముకుంది. "ఒకటి అడగనాండీ... బావ ఇంకా గన్నవరం బస్సులోనే చేస్తున్నాడా?"

నాగవేణి కుర్చీలోంచి లేచి నిలబడింది. పక్క బల్ల దగ్గరివాళ్ళు తలెత్తి చూశారు.

"లేదురా. మోకాలు నొప్పని డిపోలో వేశారు." కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. "నువ్వెప్పుడొస్తావు?"

"కార్డు రానీ అక్కా."

"కార్డు లేకపోతే ఇంటికి రాకూడదా?"

అతను ఏదో చెప్పాడు. మగ్గాల హోరులో ఆమెకు వినిపించలేదు. "షిఫ్టు బెల్లు కొట్టారక్కా" అన్నది మాత్రం వినిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి జయపాల్ మోకాలికి కాపడం పెట్టుకుంటున్నాడు. చెప్పులు విప్పకుండానే చెప్పింది. అతను చేతిలోని వేడి గుడ్డ పక్కన పెట్టాడు.

"ఏమన్నాడు? ఎట్లా అన్నాడో అట్లాగే చెప్పు."

చెప్పింది. అతను మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పేటప్పుడు తమ్ముడి తడబాటు కూడా అచ్చం అట్లాగే వచ్చింది ఆమె నోట. జయపాల్ వేడి గుడ్డను మళ్ళీ మోకాలి మీద వేసుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడు చేస్తాడంట?"

"చెప్పలేదు. ఉత్తరం వెళ్ళాకే చేస్తాడు."

వచ్చే ఉత్తరానికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. నాగవేణి లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం తెచ్చుకుని, నేతవీధి గురించి ఈసారి ఏం రాయాలా అని కూర్చుంది. రాయడానికి ఎన్నో ఉన్నాయి. ఒక్క వాక్యంలో పట్టేవి మాత్రం దొరకలేదు.