మార్గశిర గురువారం కడిగిన తులసి

ఆగండాగండి, పేజీ తిప్పకండి, ఈ ఒక్క సంగతీ విని వెళ్లండి!

ఇది రెండు వేల ఏడు డిసెంబరు మాట. విశాఖలో సముద్రం కనిపించే గుట్ట మీద ఒక చిన్న ల్యాబు. అందులో పరిశోధన చేసే శ్రీసత్యకు అప్పట్లో లోకమంతా ఒక ఫ్లాస్కులోనే ఉండేది. తులసాకులు మరిగించిన నీళ్లలో బంగారు ద్రావణం చుక్కలు చుక్కలుగా వేస్తే, చూస్తుండగానే అది దానిమ్మ రసంలా ఎర్రబడేది. కంటికి ఆననంత చిన్న బంగారు రేణువులు పుట్టాయన్నమాట! ఎన్నిసార్లు చూసినా ఆమెకు అదే సంబరం.

ఆ రేణువులను క్యాన్సర్ కణాల మీద వేస్తే వాటిలో రగిలే వాపు తగ్గుతుందా లేదా చూడడం ఆమె పని. వాపు ఎక్కువుంటే ప్లేటులోని చిన్న చిన్న గుంటల్లో పసుపు రంగు చిక్కగా తేలుతుంది, తగ్గితే వెలిసిపోతుంది. రెండేళ్లుగా ఒక్క గుంటా వెలవలేదు. మార్చితో ఫెలోషిప్పు ఆఖరు.

అలాంటిది, ఒక గురువారం చేసిన రేణువులతో ప్లేటంతా వెలిసిపోయింది!

ల్యాబు పెద్ద కామరాజు సారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇంకేం కావాలమ్మా! పేపరు రాసెయ్. జనవరిలో పంపేద్దాం" అని అందరికీ టీ తెప్పించారు.

"సారు టీ పోయించేరంటే పెద్ద ఇసయమే" అని నవ్వింది గురువమ్మ. ఎలమంచిలి దగ్గరి పల్లె నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి ఫ్లాస్కులు కడిగేది, తులసి కోసి తెచ్చేది ఆమే. మధ్యాహ్నమైతే శ్రీసత్యను కసిరేది కూడా ఆమే. "తిన్నావేటి తల్లీ? ఆ గాజుబుడ్లు నీకు అన్నం పెడతాయేటి?"

ఆ సాయంత్రం ఉక్కునగరం క్వార్టర్లో నాన్న శ్రీరామ్మూర్తికి చెప్పింది. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఫర్నేసు దగ్గర పనిచేస్తున్న మనిషి. అంతా విని, "ఒక్క హీటు ఉక్కు బాగా దిగిందని మేం పండగ చేసుకోమమ్మలూ. రెండోదీ అలాగే దిగాలి" అన్నాడు.

"పోండి నాన్నా, మీకన్నీ కొలిమి లెక్కలే!"

అన్నదే కానీ ఆ మాట గుచ్చుకుంది. సోమవారం మళ్లీ చేసింది. గుంటల నిండా చిక్కటి పసుపు. మంగళవారం చేసినదీ అంతే. గురువారం చేసినది మాత్రం వెలిసిపోయింది! శుక్రవారం షరా మామూలే. గురువారాల్లో ఏముంది?

మరుసటి గురువారం పొద్దున్నే ల్యాబుకు పరిగెత్తింది. సింకు దగ్గర గురువమ్మ, స్టీలు గిన్నెలో పచ్చటి నీళ్లు, వాటిలో తులసాకులు.

"గురువమ్మా, ఏంటది?"

"ఏటుంది, పసుపు. మార్గశిర గురువారం కదేటి తల్లీ! బురుజుపేట అమ్మోరికి పసుపునీల్లు పోసొచ్చినాను. మిగిలిన పసుపు ఈయేడు ఈ ఆకులకి. రోగమొచ్చినోల్ల కోసం సేత్తన్నావు కదా, అమ్మోరి సల్లదనం తగలాలని."

"ఉత్త నీళ్లతో కడగమన్నానుగా!"

"ఉత్త నీల్లతో కడిగితే రొండేల్లూ ఏటొచ్చింది?"

శ్రీసత్య ఆ గిన్నెలోని పసుపునీళ్లు కొంచెం సీసాలోకి ఒంపుకుంది. ఆ వారమే బంగారం వేయకుండా ఉత్త పసుపునీళ్లతో చేసి చూసింది. గుంటలు అప్పుడూ వెలిసిపోయాయి. ఇక ఆ గెలుపు బంగారానిదని ఏ మొహం పెట్టుకుని రాస్తుంది?

ఉన్నదున్నట్టు చెప్పేయొచ్చు. కానీ శాంపిళ్లలో చెయ్యి పెట్టినవాళ్లను సారు ఆ పూటే పంపించేస్తారు. అంతకుముందు వేసవిలో నూకాలు అనే ఆవిడ సీసాలు తారుమారు చేసిందని అలాగే పంపేశారు.

"నా వల్ల ఏటైనా పాడైపోనాదా తల్లీ?" ఆ ఫలితం వచ్చిన సాయంత్రం, కడుగుతున్న ఫ్లాస్కు పక్కన పెట్టి అడిగింది గురువమ్మ.

"ఏం లేదులే. బండి టైమవుతోంది, వెళ్లు."

ఆమె వెళ్లాక శ్రీసత్య నల్ల అట్ట ల్యాబు నోటుబుక్కు తెరిచి రాసింది. "మూడు గురువారాలూ ఆకులను పసుపునీళ్లతో కడిగాను. పొరపాటు నాది."

సారు అది చదివి పుస్తకం మూశారు. పేపరు వెళ్లలేదు. మార్చి తర్వాత ఫెలోషిప్పూ లేదు.

ఇప్పుడామె దువ్వాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. మార్గశిరం వస్తే చాలు, రైల్లో ఎవరి చేతుల నుంచో పచ్చి పసుపు వాసన కొడుతుంది. ఆ సింకు, ఆ స్టీలు గిన్నె, ఎర్రబడుతున్న ఆ ఫ్లాస్కు, ఒక్కసారిగా అన్నీ తిరిగొస్తాయి. గురువమ్మ ఇంకా ఆ ల్యాబులోనే ఉంది. అప్పుడప్పుడు ఫోను చేసి, "నీ ఎర్ర నీల్లు ఏటైనాయి తల్లీ?" అంటుంది. శ్రీసత్య నవ్వేసి, అన్నం తిన్నావా అని అడుగుతుంది.

కడిగింది పసుపునీళ్లతోనే, అది నిజం. కడిగింది తను కాదు. తప్పుడు ఫలితాన్ని ఆపడానికి తెరిచిన పుస్తకంలోనే తన చేత్తో ఒక అబద్ధం రాసింది. ఆ రోజు ఆ పెన్ను మీ చేతిలో ఉంటే, కడిగింది ఎవరని రాసేవారు?