కోటలో మూడో పిలుపు

సూడి మేక మళ్ళీ కోటలోకి దూరిందని తెలియగానే డల్సీ తాడూ రమ్ము సీసా అందుకుని అన్నని కేకేసింది. నేడో రేపో ఈనేలా ఉంది. పైగా తూర్పున వాన కమ్ముకొస్తోంది. వెళ్ళక తప్పదు.

కరీబియన్ దీవి గ్రెనడా ఉత్తరపు కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద ఉంది ఆ కోట. ఫ్రెంచివాళ్ళు మొదలుపెడితే ఇంగ్లీషువాళ్ళు పూర్తి చేశారంటారు గానీ, రాళ్ళు మోసింది డల్సీ పూర్వీకులు. మోస్తూ మోస్తూ కూలిపోయినవాళ్ళని ఆ గోడల పక్కనే పూడ్చారట. "కోటలో ఎవరన్నా పిలిస్తే మూడోసారి దాకా పలక్కు. చచ్చినవాళ్ళు రెండుసార్లే పిలవగలరు. పలికావో, నిన్ను తీసుకుపోతారు" అని నాయనమ్మ చెప్పేది. ఆ ఊళ్ళో పిల్లలకి ప్రార్థన కంటే ముందు వచ్చేది ఈ మాటే.

కోట గుమ్మం దగ్గర డల్సీ సీసా వంచి నేల మీద చచ్చినవాళ్ళ పేర కాస్త రమ్ము పోసింది.

"వాళ్ళకి పోసేదేదో నాకు పొయ్యవే. బతికున్నవాణ్ణి, దాహమేస్తోంది" అన్నాడు అన్న అంబ్రోజ్.

"నోరు ముయ్యన్నా. ఇక్కడా నీ వేళాకోళాలు?"

"సరేలే. నువ్వు మందుగుండు గది వైపు చూడు, నేను ఫిరంగుల వైపు చూస్తా. భయమేస్తే మేకని కేకెయ్యి, అదే వచ్చి నిన్ను కాపాడుద్ది."

అతని నవ్వు గోడ మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

మేక మందుగుండు గదిలోనే పడుకుని ఉంది. డల్సీ దాని మెడకి తాడు వేస్తుండగా వినిపించింది.

"డల్సీ!"

నేల అడుగు నుంచి వచ్చిందా పిలుపు. అన్న గొంతులాగే ఉంది, అన్న గొంతులా లేదు కూడా. పెదాల దాకా వచ్చిన 'ఆఁ'ని అరచేత్తో అదిమేసుకుంది.

"డల్సీ!"

రెండు. ఆమె ఊపిరి బిగబట్టింది. కింద అలలు రాళ్ళని కొడుతున్నాయి. మేక తీరిగ్గా నెమరేస్తోంది. మూడోది రాలేదు.

అన్నకి మాత్రం తెలియదా ఈ సంగతి? వాడే అయితే మూడోసారి పిలవడూ? పిలవలేదు కాబట్టి వాడు కాదు. ఆ ఆలోచనతో గుండె కాస్త కుదుటపడింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. పిలవలేకపోయాడేమో?

"అన్నా! అంబ్రోజన్నా! ఇదిగో వస్తున్నా!"

ఇంక పలికేసింది. ఏం జరిగితే అదే జరుగుతుంది.

ఫిరంగుల వెనక తీగలు కమ్మేసిన, నేలలోకి లోతుగా తవ్విన పాత నీళ్ళ తొట్టి ఉంది. దాని మీది చెక్కలు అప్పుడే విరిగి ఉన్నాయి. వంగి చూస్తే లోపల నల్లటి నీళ్ళు, వాటిలో మునుగుతూ తేలుతూ అన్న ముఖం. ఒక చెయ్యి చెట్టు వేరుని పట్టుకుని ఉంది. డల్సీ వెనక్కి పరుగెత్తి మేక మెడ నుంచి తాడు ఊడబెరికింది. మేక ఇంటి దారి పట్టింది. తాడు ఒక కొస ఫిరంగికి చుట్టి, రెండో కొస లోపలికి వదిలింది. అతను చంకల కింద వేసుకునే దాకా అరుస్తూనే ఉంది. లాగుతుంటే అరచేతుల తోలు ఊడింది.

గట్టు మీద పడి అంబ్రోజ్ నీళ్ళు కక్కాడు. ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"వినపడిందా?"

గాలి హోరులో వినపడలేదని చెప్పొచ్చు. చెప్పలేకపోయింది.

"వినపడింది. రెండుసార్లు."

"మూడోసారి నోరు తెరిస్తే నీళ్ళు పోయాయి."

"తప్పైపోయిందన్నా."

అతను నవ్వలేదు. పళ్ళు టకటకలాడుతుంటే అన్నాడు: "నీ చోట నేనుంటే పలికేవాణ్ణి కాదే. మేకని తోలుకుని ఇంటికెళ్ళిపోయేవాణ్ణి."

తొట్టిలోకి వంగి చూసినప్పుడు కూడా డల్సీకి అంత వణుకు పుట్టలేదు. వాన మొదలైంది. ఆమె అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపింది.