నెమలికంఠం రంగు

సమత అద్దంలో కళ్లారా చూసింది. గీతాంజలి వదిన బ్రష్‌ను నాలుక మీద పెట్టి తడిపింది, నెమలికంఠం రంగు పొడిలో అద్దింది, తెచ్చి సమత కుడి కనురెప్ప మీద రాసింది.

ఛీ!

అజీజ్‌నగర్‌లో కిరాయికి తీసుకున్న ఫాంహౌస్‌లో సమత ఎంగేజ్‌మెంట్. గీతాంజలి అంటే పెళ్లికొడుకు నిఖిల్‌కు సొంత అక్క. ఆన్‌లైన్‌లో మేకప్ కోర్సు చేసింది. చేవెళ్లలో సమత వాళ్లింటికి ఫోన్ చేసి, "మా మరదలికి బయటోళ్లెందుకు? నేనే రెడీ చేస్త" అని బ్యూటీషియన్‌ను వద్దనిపించింది. మంచి మనసే, కాదనలేం. కానీ ఆ నాలుక!

ముందు స్పాంజి పుల్లతో అద్దింది. రంగు వెలవెలబోయింది. పొడి బ్రష్‌తో రుద్దితే సగం చెంపల మీద రాలింది. అప్పుడు బయటికొచ్చింది నాలుక. రంగు ధగధగలాడింది, నిజమే. ఆ ధగధగంతా ఉమ్మిదే కదా!

"వదినా, రోజ్ వాటర్ ఉన్నది. దాంతోని తడుపరాదు?"

"ఏ, దాంతోని గింత మెరుపు రాదు. ఇది నా టెక్నిక్" అంటూ గీతాంజలి బ్రష్‌ను మళ్లీ నోట్లోకి తోసింది. ఇందాక తిన్న మిర్చి బజ్జీ వాసన గుప్పుమంది. పళ్ల సందున ఉల్లిపాయ ముక్క కూడా కనబడింది.

పక్కనే ఉన్న తల్లి సమత తొడ గిల్లింది. "సప్పుడు చెయ్యకు. ఆడబిడ్డతోని ఇప్పుడే లొల్లా?" అని చెవిలో గొణిగింది.

ఈరోజు ఇది భరిస్తే రేపు ఆ ఇంట్లో ఇంకేమేం భరించాలో! ఎడమ కన్ను మీదికి వస్తున్న చేతిని సమత గట్టిగా పట్టుకుంది.

"వదినా, బ్రష్‌ నోట్ల పెడ్తున్నవు. నాకు రోతయితున్నది. నేను పెట్టించుకోను."

తల్లి నెత్తి కొట్టుకుంది. గీతాంజలి మొహం కందగడ్డయింది.

"నా ఉమ్మి గంత రోతనా? పొద్దుగాల్నుంచి మా ఇంటోళ్లందరికీ పెట్టిన. ఒక్కరు గూడ అనలే. పెండ్లి గాకముందే గిట్లనా?"

మంచం మీద కూర్చున్న నిఖిల్ నానమ్మ లక్ష్మమ్మ, నీలం రెప్పలు టపటపలాడించింది. "ఆగే గీతా. నాకు గూడ గా బ్రష్షేనా? నోట్ల పెట్టినవా?"

గీతాంజలి చూపు తిప్పుకుని బ్రష్‌ను కిందికి దించింది.

"ఓయమ్మో!" లక్ష్మమ్మ కొంగుతో రెప్పలు తుడిచేసుకుంది. పక్కనున్న గీతాంజలి మేనత్త వైపు చూసి, "నా కంటే ముందు నువ్వు కూసున్నవు గదనే! నీకు కండ్లకలక తగ్గిందా?" అంది.

"మొన్ననే తగ్గింది... జర నీళ్లు కారుతున్నయి అంతే" అని మేనత్త నసిగింది.

అప్పుడు తట్టింది గీతాంజలికి. మేనత్త కంటి మీంచి ఆ బ్రష్ తిన్నగా తన నోట్లోకే వచ్చింది. లక్ష్మమ్మ కంటి మీంచీ అంతే. చేతిలోని బ్రష్ వైపు చూసింది, నోరు మూసుకుంది, బాత్రూంలోకి పరుగెత్తింది. బజ్జీలన్నీ బయటికొచ్చిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది.

సమతే లేచి వెళ్లింది. వదిన వీపు నిమిరి, పుక్కిలించడానికి చెంబుతో నీళ్లందించింది. తర్వాత తను మొహం కడుక్కుని, చేతులు సబ్బుతో తోముకుని, ఇంట్లోంచి తెచ్చుకున్న కొత్త డబ్బా మూత తీసింది. వేలి కొసతో రంగు తీసి రెప్ప మీద అద్ది, కాసేపు నొక్కి పట్టింది. రంగు నిండుగా అంటుకుంది.

మొహం తుడుచుకుంటూ వచ్చిన గీతాంజలి అద్దంలో చూసి అక్కడే నిలబడిపోయింది.

"బ్రష్ లేకుండ గింత రంగు ఎట్ల వచ్చిందే?"

"వేలుతోని, వదినా."

గీతాంజలి కుర్చీ లాక్కుని సమత ముందు కూర్చుంది. "నాకు గూడ పెట్టు" అని కళ్లు మూసుకుంది. సమత వేలు రెప్ప దగ్గరికి రాగానే ఒక కన్ను తెరిచింది.

"చేతులు కడుక్కున్నవా?"